గుండెలో గడ్డ కనబడితే మెదడు సంగతీ చూడాలి

హైదరాబాదు శివార్లలోని తెల్లాపూర్, కొల్లూరు, నల్లగండ్లలో కొత్తగా కాపురం పెట్టిన ఉద్యోగ దంపతులకు ఐదో నెల స్కాన్ అంటే ఇంట్లో పండుగ లాంటిది. బిడ్డ వేళ్లు, ముక్కు, వెన్నెముక, గుండె గదులు తెర మీద కనబడే రోజు అది. ఆ రోజు గానీ, ఏడో నెలలో చేసే గ్రోత్ స్కాన్ నాడు గానీ, ఎక్కడో ఒక ఇంటికి ‘బిడ్డ గుండెలో చిన్న గడ్డలు కనిపిస్తున్నాయి’ అన్న మాట ఎదురవుతుంది. ఫీటల్ ఎకో (కడుపులోని బిడ్డ గుండె స్కాన్) చేసిన డాక్టరు వాటిని రాబ్డోమయోమాలు అంటారు. ఇవి క్యాన్సర్ కాదనీ, పుట్టాక చాలావరకు వాటంతట అవే కరిగిపోతాయనీ ధైర్యం చెబుతారు. ఆ రెండు మాటలూ నిజమే. కానీ అక్కడితో ఆగితే ఆ కుటుంబానికి సగం సంగతే తెలిసినట్టు. గుండెలో ఇలాంటి గడ్డలు ఒకటికి మించి ఉన్న బిడ్డ విషయంలో ఎక్కువ జాగ్రత్త పడవలసింది మెదడు గురించి. అందుకే నా వాదన ఇది: రాబ్డోమయోమా కనబడిన ప్రతి బిడ్డకూ మెదడు, చర్మం, మూత్రపిండాలు, కళ్లు, జన్యువుల పరీక్షలు ఒక వరుసలో, ఒకే ఫైలులో, రాతపూర్వకమైన పద్ధతి ప్రకారం జరగాలి. దీనికి కావలసిన యంత్రాలూ వైద్యులూ హైదరాబాదులో ఉన్నారు. ఒక విభాగానికి తెలిసిన సంగతి మరో విభాగానికి చేరే దారి మాత్రం ఇంకా పడలేదు.

గుండె గడ్డకూ మెదడు గడ్డకూ సంబంధం కొత్తగా కనిపెట్టినది కాదు. 1862లో బెర్లిన్‌లో ఫ్రెడరిక్ ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ అనే వైద్యుడు పుట్టిన కాసేపటికే మరణించిన ఒక శిశువు దేహాన్ని పరీక్షించి, గుండెలో గడ్డలతోపాటు మెదడులో గట్టిపడిన చోట్లు ఉన్నాయని రాశాడు. 1880లో పారిస్‌లో దేజిరే మగ్లువార్ బూర్నవిల్, మూర్ఛలతో మరణించిన ఒక బాలిక మెదడు మడతల్లో దుంపల్లాంటి గట్టి గడ్డలు చూశాడు. ఆ దుంప ఆకారం వల్లే ఈ జబ్బుకు ట్యూబరస్ స్క్లెరోసిస్ అన్న పేరు స్థిరపడింది. పేరు విని టీబీ అనుకునేవారు మన దగ్గర తక్కువేమీ కాదు. టీబీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఇది అంటుకునే జబ్బు కాదు. ఫిట్స్‌తో వచ్చిన బిడ్డ సీటీ స్కాన్‌లో సున్నం పట్టిన చుక్కలు కనబడితే, టీబీ గడ్డలూ బద్దె పురుగు తిత్తులూ ఎక్కువగా ఉండే మన దేశంలో ఆలోచన ముందుగా వాటి మీదికే పోతుంది. ఆ బిడ్డ గుండెలో ఒకప్పుడు గడ్డలు ఉండేవన్న సంగతి నాడీ వైద్యుడి చేతికి అందితే ఆ పొరపాటుకు అవకాశం బాగా తగ్గుతుంది.

ఒకే బిడ్డలో ఇన్ని చోట్ల గడ్డలు ఎందుకు వస్తాయన్నదానికి సమాధానం దొరకడానికి నూరేళ్లు దాటింది. తొమ్మిదో క్రోమోజోము మీద టీఎస్‌సీ1, పదహారో క్రోమోజోము మీద టీఎస్‌సీ2 అనే రెండు జన్యువులు ఉన్నాయి. రెండోదాన్ని 1993లో, మొదటిదాన్ని 1997లో గుర్తించారు. ఈ రెండు జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు జతగా పనిచేస్తూ, కణం ఎదుగుదలను నడిపించే ఎంటార్ అనే వ్యవస్థకు కళ్లెంలా ఉంటాయి. రెండిట్లో ఏది దెబ్బతిన్నా కళ్లెం వదులవుతుంది. అప్పుడు కణాలు అవసరానికి మించి పెరిగి గుండె గోడల్లో రాబ్డోమయోమాలుగా, మెదడు పై పొరలో దుంపలుగా, మెదడు లోపలి నీటి గదుల అంచున బుడిపెలుగా, మూత్రపిండాల్లో కొవ్వూ రక్తనాళాలూ కలిసిన గడ్డలుగా తయారవుతాయి. ఇవి గుండె నుంచి మెదడుకు పాకిన గడ్డలు కావు. ఒకే లోపం వేర్వేరు అవయవాల్లో వేర్వేరు రూపాల్లో బయటపడుతోంది. ఈ ఒక్క విషయం అర్థమైతే, గుండె గడ్డను గుండె విభాగానికే వదిలేయడం ఎందుకు సరిపోదో తెలిసిపోతుంది.

నా వాదనకు అన్నిటికంటే బలమైన ఆధారం ఈ జబ్బు బయటపడే వరుసలోనే ఉంది. గుండె గడ్డలు తల్లి కడుపులో ఉండగానే, సాధారణంగా ఇరవై వారాలు దాటాక కనబడతాయి. అందుకే ఐదో నెల స్కాన్ బాగుందని వచ్చినా ఏడో నెలలో గడ్డ బయటపడవచ్చు. పుట్టిన తర్వాత మొదటి కొన్నేళ్లలో వాటిలో చాలా భాగం కుంచించుకుపోతాయి. రక్తం దారికి అడ్డుపడితేనో, గుండె లయ తప్పిస్తేనో తప్ప ఆపరేషన్ అవసరం రాదు. మెదడు లెక్క దీనికి తలకిందులు. ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉన్నవారిలో నూటికి 80 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు మూర్ఛలు వస్తాయి, అవి ఎక్కువమందికి తొలి ఏడాదిలోనే మొదలవుతాయి. అంటే గుండె డాక్టరు ఎకో చూసి ‘గడ్డ తగ్గుతోంది, ఇక భయం లేదు’ అనే నెలలే మెదడుకు గండం ఉన్న నెలలు. గుండె కబురు విని కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది, తర్వాతి అపాయింట్‌మెంట్ వాయిదా పడుతుంది. ఆ తర్వాత మూత్రపిండాల గడ్డలు, మూడు నాలుగేళ్లు దాటాక ముఖం మీద ఎర్రటి చిన్న బుడిపెలు, ఎదిగిన ఆడపిల్లల్లో కొందరికి ఊపిరితిత్తుల సమస్య ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ముందుగా బయటపడిన గుండె గడ్డే ముందుగా కరిగిపోవడం వల్ల, మిగిలిన అవయవాల దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి మరుగున పడుతుంది.

గుండె గడ్డను మెదడు హెచ్చరికగా తీసుకోవడానికి అంకెల బలం కూడా ఉంది. పసిపిల్లల గుండెలో వచ్చే గడ్డల్లో రాబ్డోమయోమాదే పెద్ద వాటా. అవి ఒకటికి మించి ఉంటే ఆ బిడ్డకు ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉండే అవకాశం నూటికి 70 పైమాటేనని అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక్కటే ఉంటే అవకాశం తగ్గుతుంది, కానీ కొట్టిపారేయదగినంత తగ్గదు. వైద్యంలో ఒక చిన్న ఆధారం మరో అవయవం గురించి ఇంత స్పష్టంగా, ఇంత ముందుగా చెప్పే సందర్భాలు అరుదు. ఒంటి మీద తెల్లమచ్చలు కూడా అలాంటి ఆధారమే. ఒక కొన గుండ్రంగా, మరో కొన సన్నగా, వేపాకు రెబ్బకు దగ్గరి ఆకారంలో ఉండే ఈ మచ్చలు ఈ జబ్బు ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి ఉంటాయి. మన ఇళ్లలో వాటిని కాల్షియం తక్కువైందనో, కడుపులో నులిపురుగులనో, బొల్లి అనో అనుకుంటారు. ముఖం మీది బుడిపెలను మొటిమలనుకుని క్రీములు రాస్తారు. వుడ్స్ ల్యాంప్ అనే చిన్న దీపం కింద చూస్తే ఆ మచ్చలు తేటగా కనబడతాయి. గుండె గడ్డ, తెల్లమచ్చ, ఫిట్స్ అనే మూడూ మూడు వేర్వేరు ఓపీ గదుల్లో, మూడు వేర్వేరు చీటీల మీద ఉండిపోతే ఎవరికీ జబ్బు పేరు తోచదు. ఒకే చీటీ మీద ఉంటే వైద్య విద్యార్థి కూడా చెప్పగలడు.

తొలి ఏడాదిలో వచ్చే మూర్ఛల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనవి ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్. మూడు నుంచి ఎనిమిది నెలల వయసులో, ఎక్కువగా నిద్ర లేచిన వేళ, బిడ్డ ఉన్నట్టుండి తల వంచి చేతులు విసిరి ముడుచుకుంటుంది. ఒక్క క్షణం ఆగి మళ్లీ అలాగే, వరసగా పదిసార్లో ఇరవైసార్లో జరుగుతుంది. నోట నురగ, కళ్లు తేలేయడం లాంటి మనకు తెలిసిన ఫిట్స్ లక్షణాలేవీ కనబడవు. అందుకే ‘బిడ్డ జడుసుకుంది’ అంటారు, దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు, లేదా కడుపునొప్పి అనుకుని గ్రైప్ వాటర్ పోస్తారు. ఇందులో పెద్దవాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. చూడటానికి అది అలాగే ఉంటుంది. కానీ రోజులు గడిచేకొద్దీ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ట్యూబరస్ స్క్లెరోసిస్ వల్ల వచ్చే స్పాజమ్స్‌కు వైగాబాట్రిన్ అనే మందు మొదటి ఎంపిక, అది చాలామంది పిల్లల్లో బాగా పనిచేస్తుంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. గుండె గడ్డ ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు ఈ ముడుచుకోవడం ఎలా ఉంటుందో కాన్పు నాడే చూపించి, అలాంటిది కనబడితే ఫోన్‌తో వీడియో తీసి అదే రోజు తీసుకురమ్మని చెప్పడానికి పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క మాట వారాల ఆలస్యాన్ని తప్పించగలదు. 2021లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. జబ్బు నిర్ధారణ అయిన పసిబిడ్డకు మూర్ఛలు లేకపోయినా ఏడాది నిండేవరకు ఆరు వారాలకోసారి, రెండేళ్లు నిండేవరకు మూడు నెలలకోసారి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీయాలని చెప్పాయి.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి ఉంది. ముందుగా కనిపెట్టి ముందుగా మందివ్వడం వల్ల బిడ్డ తెలివితేటలు నిజంగా మెరుగవుతాయా? ఈ ప్రశ్నకు అతిశయోక్తి లేకుండా జవాబు చెప్పాలి. ఐరోపాలో జరిగి 2021లో వెలువడిన ఎపిస్టాప్ అధ్యయనంలో, ఈఈజీలో తేడా కనబడగానే వైగాబాట్రిన్ మొదలుపెట్టిన పిల్లల్లో మొదటి మూర్ఛ రావడానికి పట్టిన మధ్యస్థ కాలం 364 రోజులు. మూర్ఛ వచ్చాకే మందిచ్చిన పిల్లల్లో అది 124 రోజులు. తర్వాత అమెరికాలో జరిగిన ప్రివెంట్ అధ్యయనంలో మాత్రం, ముందుగా మందివ్వడం వల్ల రెండేళ్ల వయసులో పిల్లల తెలివితేటల కొలతల్లో తేడా రాలేదని తేలింది. ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్ తగ్గడం మాత్రం అందులోనూ కనబడింది. పైగా వైగాబాట్రిన్ కంటి చూపు పరిధిని తగ్గించే ముప్పు ఉన్న మందు, దాన్ని ఊరికే వాడరాదు. కాబట్టి లక్షణాలు లేని ప్రతి బిడ్డకూ మందు పోయాలని నేను అనడం లేదు. ఆ నిర్ణయం నాడీ వైద్యుడిది. నేను అడుగుతున్నది గమనింపు. మూర్ఛ మొదలైన రోజే అది మూర్ఛ అని తెలియడం, ఆ రోజే మందు అందడం ఎవరూ కాదనలేని మేలు. పై రెండు అధ్యయనాల్లోనూ ఇరుపక్షాల పిల్లలకు క్రమం తప్పకుండా ఈఈజీ తీశారు, వైద్యులు దగ్గరుండి చూశారు. ఆ పిల్లలను, ఎవరూ గమనించక నెలల తర్వాత ఆసుపత్రి గుమ్మం తొక్కే మన పిల్లలతో పోల్చి ‘పెద్ద తేడా లేదు’ అనడానికి వీల్లేదు.

మెదడుకు రెండో ముప్పు గడ్డ రూపంలోనే వస్తుంది. మెదడు నీటి గదుల మధ్య ఫొరామెన్ ఆఫ్ మన్రో అనే ఇరుకైన దారి ఉంటుంది. దాని పక్కన ఉన్న బుడిపె కొందరిలో సీగా అనే గడ్డగా పెరుగుతుంది. నూటికి 5 నుంచి 15 మంది రోగుల్లో, ఎక్కువగా ఇరవై ఏళ్లలోపు ఇది కనబడుతుంది. ఇదీ క్యాన్సర్ కాదు. కానీ నీటి దారిని మూసేస్తే తలలో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే పాతికేళ్లు వచ్చేవరకు ఏడాది నుంచి మూడేళ్లకోసారి మెదడు ఎంఆర్‌ఐ తీయమంటారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు కనబడితే ఆపరేషనే దిక్కు కాదు, మందు కూడా ఉంది. ఆ మందు పుట్టుకలో ఒక భారతీయ శాస్త్రవేత్త శ్రమ ఉంది. 1964లో కెనడా బృందం ఈస్టర్ ద్వీపం నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రాపమైసిన్‌ను వేరుచేసినవారిలో ముఖ్యుడు, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివిన సురేంద్రనాథ్ సెహగల్. ఎంటార్ అన్న పేరు వచ్చింది కూడా ఆ మందు పేరు నుంచే. దాని సంతతికి చెందిన ఎవెరోలిమస్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో సీగాకు ఆమోదించింది. 117 మందితో జరిపిన ఎగ్జిస్ట్-1 పరీక్షలో ఆ మందు వాడినవారిలో నూటికి 35 మందికి గడ్డ సగానికి సగమో అంతకు మించో తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో ఒక్కరికీ అంత తగ్గలేదు. నోటి పుళ్లు, ఇన్‌ఫెక్షన్లు, కొలెస్ట్రాల్ పెరగడం వంటి ఇబ్బందులు ఈ మందుకూ ఉన్నాయి. అయినా ఎంచుకునే వీలంటూ ఉండేది సమయానికి చూసినవారికే.

ఈ సూత్రం ఒక్క ట్యూబరస్ స్క్లెరోసిస్‌కే పరిమితం కాదు. గోర్లిన్ సిండ్రోమ్ అనే మరో జన్యు జబ్బులో కొందరు పిల్లలకు గుండెలో ఫైబ్రోమా అనే క్యాన్సర్ కాని గడ్డ, చిన్న మెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ రెండూ వస్తాయి. ఈ పిల్లలకు రేడియేషన్ ఇస్తే, ఇచ్చిన చోట చర్మ క్యాన్సర్లు గుంపులుగా పుట్టుకొస్తాయి. అందుకని వీలైనంత వరకు రేడియేషన్ లేకుండా చికిత్స సాగిస్తారు. గుండెలోని గడ్డ సంగతి తెలిసిన మెదడు వైద్యుడు చికిత్స విధానాన్నే మార్చుకుంటాడు. కార్నీ కాంప్లెక్స్ అనే ఇంకో జబ్బులో గుండెలో మిక్సోమాలు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డలు ఒకే మనిషికి వస్తాయి. జబ్బు పేర్లు మారినా పాఠం మారదు. క్యాన్సర్ కాని గుండె గడ్డ పిల్లల్లో కనబడినప్పుడు అది ఏ రకమో తేల్చాలి. ఆ రకానికి తోడుగా మెదడులో ఏం ఉండవచ్చో వెతకాలి.

ఇంత అరుదైన జబ్బుకు ప్రభుత్వం ప్రత్యేకంగా పద్ధతి పెట్టాలా అని అడిగేవారు ఉంటారు. ఆరువేల కాన్పుల్లో ఒకరికి ట్యూబరస్ స్క్లెరోసిస్ వస్తుందన్నది ప్రపంచమంతటా వాడే అంచనా. తెలంగాణలో ఏటా సుమారు ఆరు లక్షల మంది పిల్లలు పుడుతున్నారనుకుంటే, ఆ లెక్కన ఏడాదికి వందమంది. ఏటా వందమంది పిల్లల మెదడును కాపాడే అవకాశం చిన్న సంగతి కాదు. వీరి కోసం కొత్త ఆసుపత్రి కట్టమని ఎవరూ అడగడం లేదు. 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 44 ఆసుపత్రుల్లో కడుపులోని బిడ్డ లోపాలను చూసే 56 టిఫా స్కానింగ్ యంత్రాలు పెట్టింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధిలో పుట్టుగుండె జబ్బులూ ఉన్నాయి, మూర్ఛలూ ఉన్నాయి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021 కింద నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి దేశంలోని ప్రత్యేక కేంద్రాల్లో ఒకటిగా గుర్తింపు పొందాయి. పిల్లల కోసమే నిలోఫర్ ఉంది. విడివిడిగా అన్నీ ఉన్నాయి. టిఫా గదిలో దొరికిన మాట పంజాగుట్టలో నిమ్స్ వరకు, ఉప్పల్లో సీడీఎఫ్‌డీ వరకు తనంతట తాను వెళ్లే ఏర్పాటు కావాలి. తెల్లాపూర్ ఈ విషయంలో కళ్లు తెరిపించే చోటు. ఒక పక్క ఎత్తైన గేటెడ్ కమ్యూనిటీలు, మరో పక్క కొల్లూరులో 15,660 ఇళ్లతో 2023లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూమ్ కాలనీ. మొదటి చోటి తల్లి ఐదుగురు స్పెషలిస్టుల చుట్టూ తిరిగి ఐదు ఫైళ్లు పోగుచేస్తుంది. రెండో చోటి తల్లికి రెండో స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాలన్న సంగతే ఎవరూ చెప్పకపోవచ్చు. డబ్బు ఉన్నా లేకపోయినా, చివరికి ఇద్దరికీ కొరవడేది బిడ్డను మొత్తంగా చూసే ఒక మనిషి.

మామూలు గడ్డకు ఇన్ని పరీక్షలంటే ప్రైవేటు ఆసుపత్రులకు బిల్లు పెంచుకునే సాకు దొరకదా, తల్లిదండ్రులను అనవసరంగా భయపెట్టినట్టు కాదా అన్నది మరో ఆక్షేపణ. ఇందులో నిజముంది. మన నగరంలో అవసరం లేని స్కాన్ల గురించి జనంలో ఉన్న అనుమానం ఊరికే పుట్టలేదు. కానీ దానికి విరుగుడు కూడా రాతపూర్వకమైన పద్ధతే. ఏ వయసులో ఏ పరీక్ష, ఎన్నాళ్లకోసారి అన్నది ప్రభుత్వ ముద్రతో ఒక కాగితం మీద ఉంటే, అవసరమైనది తప్పిపోదు, అవసరం లేనిది అంటగట్టడమూ కుదరదు. నెలనెలా ఎంఆర్‌ఐ రాసే చోట తండ్రి ఆ కాగితం తీసి చూపించగలడు. ఖర్చు మాటకొస్తే, 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని రూ. 10 లక్షలకు పెంచారు. అయితే ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ అల్లినది. ఏళ్ల తరబడి ఓపీలో తీయించుకోవలసిన ఈఈజీలకూ ఎంఆర్‌ఐలకూ అందులో తగిన చోటు కల్పించాలి. ఇక భయం విషయం. కొత్తగా బిడ్డను కన్న తల్లికి ‘ఏమీ లేదు’ అని చెప్పి పంపి, ఆరో నెలలో ఫిట్స్‌తో తిరిగి రానివ్వడం కంటే, మొదటి రోజే నెమ్మదిగా, పూర్తిగా చెప్పడమే దయ. దేనికి సిద్ధంగా ఉండాలో తెలిసిన మనిషికి భయం కొంత తగ్గుతుంది.

అన్నిటికంటే సున్నితమైన ఆక్షేపణ గర్భం గురించి. కడుపులో ఉండగానే మెదడు ముప్పు సంగతి చెబితే చాలామంది గర్భం తీయించుకోవడానికే మొగ్గుతారనీ, చెప్పకపోతేనే నయమనీ కొందరు అనుకుంటారు. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం, బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాలు దాటాక కూడా అనుమతి ఉంది. నిర్ణయం ఆ దంపతులది, ముఖ్యంగా ఆ తల్లిది. నిజం దాచి ఆ నిర్ణయాన్ని మనం తీసుకోకూడదు. సగం చెప్పి వాళ్లను ఒక వైపు నెట్టకూడదు. చెప్పవలసిన నిజంలో ఆశ కూడా ఉంది. ఈ జబ్బు తీవ్రత అందరిలో ఒకేలా ఉండదు. తీవ్రమైన మూర్ఛలూ ఆటిజమూ ఉన్నవారు ఉన్నారు. చదువుకుని, ఉద్యోగం చేస్తూ, తమ బిడ్డకు నిర్ధారణ అయ్యాక గానీ తమకూ ఈ జబ్బు ఉందని తెలియనివారూ ఉన్నారు. గుండెలోని గడ్డల లెక్కను బట్టి బిడ్డ తెలివితేటలు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేరు. మన ఇళ్లలో ఇంకో బాధ ఉంది. జన్యు జబ్బు అనగానే ‘మేనరికం కూడా కాదే, మరి ఎలా వచ్చింది’ అన్న ప్రశ్న లేస్తుంది, వేలు కోడలి వైపు తిరుగుతుంది. మేనరికానికీ ఈ జబ్బుకూ సంబంధం లేదు. మూడింట రెండొంతుల మందిలో ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ రాదు, ఆ బిడ్డలోనే కొత్తగా పుట్టిన మార్పు. మిగిలిన మూడో వంతు ఇళ్లలో తల్లికో తండ్రికో అది ఉంటుంది, ప్రతి కాన్పులోనూ సగానికి సగం అవకాశంతో బిడ్డకు వస్తుంది. ఇది ఎవరి తప్పూ కాదని చెప్పడానికి, రెండో బిడ్డ గురించి ఆలోచించుకోవడానికి జన్యు సలహా కావాలి. ఈ సలహా చెప్పేవారు లేని స్కాన్ రిపోర్టు ఒక ఇంటిని నిలువునా చీల్చగలదు.

కాబట్టి చేయవలసింది స్పష్టం. రాబ్డోమయోమా అనుమానం ఉన్న ప్రతి ఫీటల్ ఎకో రిపోర్టు చివర, నాడీ వైద్య, జన్యు సలహా తప్పనిసరి అన్న వాక్యం ముద్రించి ఉండాలి. అది ప్రభుత్వ ఆసుపత్రికీ, ప్రైవేటు స్కానింగ్ కేంద్రానికీ ఒకటే నియమం కావాలి. బిడ్డ పుట్టాక ఇంటికి పంపేలోపు చర్మాన్ని వుడ్స్ ల్యాంప్ కింద చూడాలి, ఈసీజీ తీయాలి, కడుపు స్కాన్, కంటి పరీక్ష చేయాలి, మెదడు ఎంఆర్‌ఐకీ మొదటి ఈఈజీకీ తేదీలు ఇవ్వాలి. తల్లిదండ్రుల చర్మం కూడా చూడాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఈ పరీక్షల పట్టిక ఉన్న ఒక పేజీ అతికిస్తే, టీకాల కోసం వచ్చినప్పుడల్లా ఏఎన్‌ఎం దాన్ని చూడగలదు. నెలకు ఒక రోజు నిమ్స్‌లో గానీ నిలోఫర్‌లో గానీ గుండె, నాడీ, మూత్రపిండ, చర్మ, కంటి వైద్యులు ఒకే ఓపీలో కూర్చునేలా చూడాలి. ఆ పిల్లల వివరాలు గోప్యంగా ఒక రిజిస్టరులో ఉండాలి, అపాయింట్‌మెంట్ తప్పితే ఫోన్ చేసే ఒక సమన్వయకర్త ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండాక పిల్లల విభాగం తలుపు మూసుకుంటే పెద్దల విభాగం తలుపు తెరిచి ఉండాలి, ఎందుకంటే ఈ జబ్బు జీవితాంతం గమనించవలసినది. వీటిలో ఏదీ కోట్లు కుమ్మరించవలసిన పని కాదు. ఒక ఉత్తర్వు, ఒక ముద్రిత పత్రం, ఒక ఉద్యోగం చాలు.

రాష్ట్ర వైద్యారోగ్య శాఖ ఈ ఉత్తర్వు ఇచ్చేదాకా తల్లిదండ్రులు ఆగనక్కరలేదు. మీ బిడ్డ గుండెలో రాబ్డోమయోమా ఉందని ఎప్పుడు రాసి ఉన్నా, ఇప్పుడది పూర్తిగా కరిగిపోయినా సరే, ఆ పాత రిపోర్టు వెతికి తీయండి. పిల్లల నాడీ వైద్యుడికి చూపించి, ట్యూబరస్ స్క్లెరోసిస్ ఉందో లేదో తేల్చమని అడగండి. బిడ్డ ఒంటిమీద తెల్లమచ్చలు ఉంటే చెప్పండి. బిడ్డ ముడుచుకున్నట్టు, జడుసుకున్నట్టు పదేపదే చేస్తుంటే దిష్టి తీసినా తీయకపోయినా ముందు వీడియో తీయండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.